ఊపిరి గుర్తులు

"తాళంచెవి ఎక్కడ పెట్టేవో చెప్పవే అంటున్నాను!"

పొద్దుట్నుంచి సలోమి ఈ మాట అనడం ఇది నాలుగోసారి. సుస్మిత వంటింటి గడప మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంపుతోంది. టక్, టక్, టక్. ఆ వేళ్ళకి గోరుచిక్కుళ్ళయినా పియానో మెట్లయినా ఒకటే. కళ్ళు ఇంకెక్కడో ఉన్నా పని ఆగదు.

వీధి అరుగు మీద పాస్టరు విజయ్ కుమార్ అయ్యగారు కూర్చుని అరగంటయింది. ఇచ్చిన టీ తాగేశారు, గొడుగు రెండుసార్లు విప్పి రెండుసార్లు మడిచారు. ఆయన అడగవచ్చింది ఒక్కటే, గుడి పియానో తాళంచెవి. చివరి బెంచీ అప్పలమ్మ తెల్లవారుజామున పోయింది. తొంభయ్యొక్కేళ్ళ మనిషి. మూడు గంటలకి గుడిలో భూస్థాపన ఆరాధన.

పదకొండు రోజులుగా ఆ పియానో మూత తెరుచుకోలేదు. హైదరాబాద్ సంగీత కాలేజీలో సీటు కోసం వాయించి వచ్చి దిగిన రోజునే సుస్మిత తిన్నగా గుడికి వెళ్ళి, మూత వేసి, తాళం బిగించి, చెవి తీసుకొచ్చి దాచేసింది. రెండు ఆదివారాలు సంఘమంతా ఉత్త గొంతుల్తోనే పాడుకుంది. ఊళ్ళో ఎవరికి తోచింది వాళ్ళనుకున్నారు.

"అంజిబాబు ఒకటే మాట మీదున్నాడండీ," అన్నారు అయ్యగారు సందేహిస్తూ. "మా అమ్మకి పియానో ఉండాలండీ, ఆ చప్పుడు చేసే కీబోర్డు వద్దండీ అని. తల్లి పోయిన మనిషి కదండీ, కాదనలేకపోయేను."

"ఆయ్," అన్నాడు ఏసుదాసు. రాజోలు హైస్కూల్లో సోషల్ చెప్పే మనిషి. ఇంట్లో మాత్రం ఆయ్ అనడం తప్ప ఆయన దగ్గర వేరే పాఠం లేదు.

"మీరు ఆయ్ అంటే తాళంచెవి ఊడిపడుతుందా?" సలోమి మొగుడి మీదకి తిరిగింది. తర్వాత గొంతు సర్దుకుని అయ్యగారితో అంది, "తాళం బద్దలుకొట్టించెయ్యండయ్యగారూ. నేనొచ్చి వాయిస్తాను. పద్దెనిమిదేళ్ళు వాయించినదాన్ని, నాకేం కొత్తా?"

అయ్యగారు గొడుగు మూడోసారి విప్పబోయి మానేశారు.

"అదేనండీ... మీరు వేరేగా అనుకోకండి టీచరమ్మగారూ. అంజిబాబు ఇంకో మాట కూడా అన్నాడండి."

"ఏమన్నాడు?"

"మీరు వద్దన్నాడండి."

ఏసుదాసు చూరు పెంకులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వంటింట్లో టక్ టక్ ఆగింది.

"ఎందుకంటా?"

"వాళ్ళమ్మ సగం చరణంలో ఉండగానే మీరు తర్వాతి చరణం ఎత్తేసేవారటండి. అందుకోలేక ఆవిడ పాడ్డం మానేసిందట. ఊరికే పెదాలు కదిపేదట, పక్కవాళ్ళేమైనా అనుకుంటారని. నాకూ ఈవేళే తెలిసిందండీ. దేవుడే సాక్షి." ఆయన లేచి నిలబడ్డారు. "రెండున్నరకి గుడి తెరిపిస్తానండి. తాళం వస్తే సంతోషం. లేకపోతే ఉత్తినే పాడుకుంటాం."

ఆయన సందు మలుపు తిరిగేదాకా సలోమి గుమ్మం పట్టుకుని నిలబడింది. అప్పలమ్మ పెదాలు ఆమె కళ్ళకు కట్టాయి. ప్రతి ఆదివారం పియానో బల్ల మీద నుంచి తల తిప్పితే ఆ ముసలావిడ నిండు నోటితో పాడుతున్నట్టే కనిపించేది. నా వాయింపుకి ముసలాళ్ళు కూడా హుషారెక్కిపోయారని సలోమి మురిసిపోయేది. ఇన్నేళ్ళూ ఉత్త పెదాలేనా! చచ్చిపోయాక చెప్పించాలా ఈ మాట!

కోపం ఎవరి మీద చూపించాలో తెలియక వంటింట్లోకి వెళ్ళింది. కూతురు ఉండనే ఉంది.

"విన్నావుగా. కడుపు నిండిందా?"

సుస్మిత గిన్నె పక్కకి జరిపింది. "నేనేమన్నానమ్మా?"

"ఏమీ అనవు. అదే నీ గొప్ప. రేపు గురువారమన్న సంగతి తెలుసా? రేపటిదాకే కదా ఆ సీటు నీకోసం ఆపుతామన్నారు! నిదానంగా ఉన్న పాట ఒక్కటంటే ఒక్కటి, రికార్డు చేసి పంపమన్నారు. నాలుగు నిమిషాల పని. నువ్వు చెయ్యవు, నన్ను చెయ్యనివ్వవు, పియానోకి తాళం వేసి కూర్చున్నావు."

"నాకు రాదమ్మా అది."

"ఏం రాదే? తాళం కొట్టే ఆ మెట్రోనోము నూట అరవై మీద పెడితే ఒక్క మెట్టు తప్పని పిల్లవి. రామచంద్రపురంలో, కాకినాడలో, ఎక్కడికెళ్తే అక్కడ మొదటి బహుమతి. జడ్జీలు లేచి నిలబడి చప్పట్లు కొట్టేరు. నిదానంగా ఉన్నది రాదట! పరుగెత్తేవాడికి నడవడం రాదా?"

"రాదు," అంది సుస్మిత.

ఆ ఒక్క ముక్కకి సలోమికి ఒళ్ళు మండిపోయింది. పంతొమ్మిదేళ్ళ కష్టం కాదూ ఆ వేళ్ళు! పిల్లకి ఆరేళ్ళప్పుడు మొదలుపెట్టింది. చేతి వెనక చింతపిక్క పెట్టి సరళీలు వాయించమనేది. మణికట్టు కదిలితే పిక్క పడిపోతుంది, పడితే మళ్ళీ మొదట్నుంచి. పిక్క పడకుండా ఎనభై మీద, తర్వాత వంద మీద, తర్వాత నూట ఇరవై మీద. పక్కింటి పిల్లలు కాలవ గట్టు మీద ఆడుకుంటూ ఉంటే ఈ పిల్ల పిక్కని చూసుకుంటూ కూర్చునేది. ఒక్కరోజు వద్దనలేదు. వద్దనలేదు కాబట్టి ఇష్టమేననుకుంది సలోమి.

సుస్మిత లేచి చేతులు కడుక్కుంది. గదిలోకి వెళ్ళి ఒక పుస్తకం తెచ్చింది. అట్ట ఊడిపోతే గుడ్డతో కుట్టిన పాత కీర్తనల పుస్తకం, స్వరాలు అచ్చువేసినది. సలోమి తండ్రి దానంగారిది. నలభయ్యేళ్ళు ఆ పుస్తకం ముందు పెట్టుకునే ఆయన గుడిలో వాయించారు.

"ఇది ఇప్పుడెందుకు తీసేవు?"

సుస్మిత పేజీలు తిప్పింది. కిటికీ దగ్గరికి వెళ్ళి ఒక పేజీని వెలుగుకి ఎత్తి పట్టింది.

"ఇక్కడ చూడమ్మా. ప్రతి లైను చివర గుంట ఉంది. కంటికి కనపడదు, వేలికి తగుల్తుంది. ఏదో రాసి చెరిపేసినట్టు. ఇదిగో ఇక్కడ పేరు కూడా ఉంది. అప్ప... ల... మ్మ. ఇక్కడ చిట్టెమ్మ. పుస్తకమంతా ఇలాగే ఉంది. పది రోజుల్నుంచి చూస్తున్నాను. ఎవరు చెరిపేరు?"

సలోమి పుస్తకం అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

దానంగారు వాయించేటప్పుడు ఎవరెవరికి ఎక్కడ ఊపిరి అందదో పెన్సిలుతో గుర్తు పెట్టుకునేవారు. చదువురాని ముసలాళ్ళంతా చివరి బెంచీల్లో. చరణం అయ్యాక చివరి గొంతు దాకా దిగాలి, వాళ్ళు ఊపిరి పీల్చుకోవాలి, అప్పుడు గానీ తర్వాతి చరణం ఎత్తేవారు కాదు. ఆదివారం ఆరాధన ఒంటిగంటయినా అయ్యేది కాదు. కుర్రకారంతా గిటార్లూ డ్రమ్ములూ ఉన్న పక్కూరి ప్రార్థనలకి పోతున్నారని గోల. అప్పుడే పద్దెనిమిదేళ్ళ కిందట సంఘ పెద్దల ముందు లేచి నిలబడి, "మా నాన్నగారి చెయ్యి మందగించిందండీ, పాటలు ఈడుస్తున్నారు," అన్నది ఎవరో కాదు, సలోమే. ఆ ఆదివారమే దానంగారు తాళంచెవి కూతురి చేతిలో పెట్టి బల్ల దిగిపోయారు. మళ్ళీ ఎక్కలేదు.

కానీ సుస్మిత అడుగుతున్నది అది కాదు.

"నేనే," అంది సలోమి.

"నువ్వా?"

"నీకప్పుడు ఏడేళ్ళు. ఆ గుర్తు కనపడ్డచోటల్లా ఆగిపోయేదానివి. మెట్రోనోము ముందుకెళ్ళిపోయేది, నువ్వు వెనకాల ఉండిపోయేదానివి. ఎన్నిసార్లు చెప్పినా ఆగేదానివి. అందుకని చెరిపేను. రబ్బరు పెట్టి ఒక మధ్యాహ్నమంతా కూర్చుని చెరిపేను. తప్పా? నీ కోసం కాదూ?"

"తాతయ్యకి తెలుసా?"

సలోమి మొహం తిప్పుకుంది. ఆ మధ్యాహ్నం దానంగారు అరుగు మీదే ఉన్నారు. చెరుపుతూ ఉంటే చూశారు. ఒక్క మాటన్నారా? అనలేదు. ఆమె లేచి వెళ్ళాక నేల మీద పడ్డ రబ్బరుపొట్టు చీపురు పెట్టి ఊడ్చి, చేటలోకెత్తి అవతల పోశారు. ఆ సంగతి కూతురికి చెప్పలేదు.

"హైదరాబాద్‌లో నా వాయింపు విన్న ప్రొఫెసరావిడ ఏమందో నీకు సగమే చెప్పేనమ్మా," అంది సుస్మిత. గొంతు పెంచలేదు, అదే పెద్ద బాధ. "నా స్పీడు పాటకి అందరూ తలలూపేరు. ఆవిడ ఒక్కర్తే ఊపలేదు. మీ ఇంట్లో పాడుకునే పాటొకటి నిదానంగా వాయించమ్మా అంది. వాయించేను. అయ్యాక దగ్గరికి పిలిచి, ఇందులో నిన్ను ఊపిరి తీసుకోనివ్వంది ఎవరమ్మా అని అడిగింది. నాకు తెలీదండీ అన్నాను. నిజంగా తెలీదు అప్పటికి."

సలోమికి ఒక్కసారిగా ఏడుపొచ్చింది, ఏడవడానికి అభిమానం అడ్డమొచ్చింది. "అయితే ఇప్పుడు తెలిసిందిగా! వెళ్ళి చెప్పు. మా అమ్మ రాక్షసండీ అని చెప్పు!"

సుస్మిత పుస్తకం మూసి కిటికీలో పెట్టింది. కొళాయి కింద బిందె నిండి పొర్లుతున్నా ఎవరూ కట్టలేదు.

ముందుగదిలో మంచం కిర్రుమంది. దానంగారు చేతికర్రతో గుమ్మంలోకొచ్చారు. ఎనభై మూడేళ్ళు. అంతా విన్నారో ఏమీ వినలేదో ఆ మొహంలో ఎప్పుడూ తెలియదు.

"టైమెంతయిందిరా ఏసుదాసూ?"

"రెండవుతోందండి మావయ్యగారూ."

"బల్బు ఆర్పాలి."

వానాకాలంలో పియానోకి చెమ్మ ఎక్కి మెట్లు ఉబ్బకుండా, కింది చెక్క వెనకాల ఒక నలభై వాట్ల బల్బు వెలుగుతూ ఉంటుంది. సాయంత్రం వెళ్ళి వెలిగించడం, పొద్దున వెళ్ళి ఆర్పడం దానంగారి పని. బల్ల దిగాక కూడా అది మానలేదు. మూతకి తాళం పడ్డా మానలేదు. ఈవేళ వాన పట్టుకుందని బల్బు మధ్యాహ్నం దాకా ఉంచేశారు.

సుస్మిత చున్నీ కొస ముడి విప్పింది. తాళంచెవి అక్కడే ఉంది! పదకొండు రోజులూ సలోమి కళ్ళెదుటే తిరిగింది.

"పద తాతయ్యా," అంది. పుస్తకం చంకలో పెట్టుకుని గొడుగు తీసింది.

సలోమి గుండె ఎగిరి గంతేసింది. వాయిస్తుంది! పిల్ల వాయిస్తుంది!

"నువ్వు రావా?" అన్నాడు ఏసుదాసు చొక్కా మార్చుకుంటూ.

"నేనెందుకండీ? నేనొస్తే జనం వెనకపడిపోతారుగా," అంది సలోమి. ఆయన ఆయ్ అనబోయి, అనకుండా వెళ్ళిపోయాడు.

పంతం మూడింటిదాకానే నిలిచింది. చీర మార్చుకుని, తలుపు దగ్గరికి వేసి, వానలో గబగబా నడిచింది సలోమి. అప్పటికే ప్రార్థన అయిపోయింది. గుడి కిటకిటలాడుతోంది. కోనసీమలో ముసలావిడ పోతే ఇంత జనమా అనుకునేలా ఉంది. వరండా నిండా చెప్పులూ తడిసిన గొడుగులూ. లోపలికి దారి లేదు. పియానో ఎడమవైపు మూల స్తంభం వెనకాల ఉంటుంది, వరండాలోంచి ఎలాగూ కనపడదు. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. శవపేటిక మీద పూలదండలు మాత్రం కనిపిస్తున్నాయి.

అప్పుడు పియానో మొదలైంది.

అప్పలమ్మకిష్టమైన కీర్తన. సలోమి చెయ్యి అలవాటుగా చీర కుచ్చిళ్ళ మీద తాళం వెయ్యబోయింది. వెయ్యలేకపోయింది. అంత నిదానం. చరణం చివరికొచ్చాక పియానో ఆగింది. జనం గొంతులు ఒక్కొక్కటే దిగాయి. అందరికంటే వెనకాల చిట్టెమ్మ గొంతు, దారంలా సన్నగా, వణుక్కుంటూ వచ్చి ఆగింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. అప్పుడు, అప్పుడే, పియానో తర్వాతి చరణంలోకి అడుగుపెట్టింది.



మూడో చరణం సగంలో ఇంకోసారి ఆగింది. అక్కడ ఎవరికీ ఊపిరి అవసరం లేదు. సలోమికి చిన్నప్పటి పుస్తకం గుర్తొచ్చింది, అక్కడ పెన్సిలుతో రాసిన పేరు గుర్తొచ్చింది. అప్పలమ్మ. ఆ చోట ఆవిడకి ఊపిరి చాలేది కాదు. ఆవిడ ఇప్పుడు పెట్టెలో ఉంది, అయినా పియానో ఆవిడ కోసం ఆగింది. గుడంతా ఆగింది. ముందు బెంచీలో అంజిబాబు భోరుమన్నాడు.

ఎడమచేతి మంద్రస్వరం కుడిచేతికంటే రవ్వంత ఆలస్యంగా పడుతోంది, తలుపు చప్పుడు కాకుండా వేసినట్టు. అది నాన్నగారి పద్ధతి. చిన్నప్పుడు ఆయన పక్కన బల్ల మీద కూర్చుని వినేది తను. పిల్ల ఎప్పుడు పట్టేసిందో! నేర్పకుండానే వచ్చేసింది. రక్తం ఎక్కడికి పోతుంది!

ఏడుస్తూనే సలోమి సంచిలోంచి ఫోను తీసింది. ఎందుకు తీస్తోందో ముందు తనకే తెలియదు. తెలిసేసరికి ఎర్ర చుక్క నొక్కేసింది. చెయ్యి ఊచల్లోంచి లోపలికి చాపి, పాట అయ్యేదాకా కదలకుండా పట్టుకుంది. నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.

సమాధుల తోట నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా ఆ పాట హైదరాబాద్ కాలేజీ నంబరుకి పంపేసింది. కింద 'సుస్మిత వాయించినది' అని రాసింది. పిల్లకి చెప్పలేదు. చెప్తే వద్దంటుంది. మంచికి కూడా అడ్డుపడే వయసది. సీటొచ్చాక ఎగిరి గంతెయ్యదూ, అప్పుడు చెప్పొచ్చు అనుకుంది.

గురువారం ఇంట్లో తెరిపిచ్చినట్టే ఉంది. సలోమి పిల్లకిష్టమని పులస చేప దొరక్కపోయినా చందువా తెప్పించి పులుసు పెట్టింది. సుస్మిత తింది. అంతకంటే ఏం కావాలి? దానంగారు మాత్రం మంచం దిగలేదు. సుస్మిత కొబ్బరినూనె వెచ్చచేసి తెచ్చి ఆయన వేళ్ళు ఒక్కొక్కటే రాస్తూ కూర్చుంది.

"ముసురు పట్టింది కదా, కీళ్ళు పట్టేస్తాయి," అంది సలోమి గుమ్మంలోంచి.

తాతా మనవరాలూ మొహమొహాలు చూసుకున్నారు.

నాలుగింటికి ఫోను కొట్టుకుంది. సలోమి కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి చదివింది. నమ్మలేక రెండోసారి చదివింది. తర్వాత ముందుగదిలోకి పరుగెత్తుకొచ్చింది.

"ఏవండీ, ఇలా రండి! సుస్మీ, వినవే! పాట విన్నారట. మరణం ఇంట్లో ఇలా ఆగి, మనుషుల కోసం కాచుకుని వాయించేవాళ్ళని విని చాలా కాలమైందట. ఈ అమ్మాయికి మేము నేర్పేదానికంటే ఈ అమ్మాయి దగ్గర మేము వినేదే ఎక్కువట! సీటు ఖాయం చేస్తారట. సోమవారం పదింటికి వచ్చి వాళ్ళ ఎదుట ఇదే పాట ఒక్కసారి వాయిస్తే చాలట."

"ఆయ్!" అన్నాడు ఏసుదాసు, ఈసారి నిజంగా సంతోషంగా.

సుస్మిత చెయ్యి తాతగారి వేలి మీద ఆగిపోయింది. "ఏ పాటమ్మా?"

"నిన్నటిదే. గుళ్ళో వాయించేవే, అది. కిటికీలోంచి రికార్డు చేసేను. రాదు రాదన్నావు, చూసేవా మరి!"

"అప్పలమ్మగారి పాట పంపించేసేవా?" సుస్మిత నెమ్మదిగా లేచి నిలబడింది. "ఆవిడ పెట్టె ముందర అంజిబాబు మావయ్య ఏడుస్తున్నాడు కదమ్మా. ఆ ఏడుపు కూడా పడుంటుంది అందులో. సీటు కోసం దాన్ని పంపించేవా?"

"ఏం, దొంగతనం చేసేనా? నువ్వు వాయించింది నేను పంపేను!"

"నువ్వు లోపలికి రాలేదు కదూ."

"ఎక్కడొస్తాను, కాలు పెట్టే చోటుందా? వరండాలో ఉన్నాను."

"చూడలేదన్నమాట."

"చూడాలా? కన్న కూతురి చెయ్యి వింటే నాకు తెలీదా?"

సుస్మిత నవ్వింది.

"నేను పేజీలు తిప్పేనమ్మా."

సలోమి ముందు అర్థం కానట్టే చూసింది.

"జనం రాకముందు నేనే కూర్చున్నాను," అంది సుస్మిత. "పుస్తకంలో గుంటలు తడుముకుంటూ మొదలుపెట్టేను. ఆగాల్సిన చోటు తెలుస్తూనే ఉందమ్మా, చేతులే ఆగడం లేదు. వాటంతటవే ముందుకి పోతున్నాయి. ఎంత పట్టుకున్నా పోతున్నాయి. నువ్వు అంత బాగా నేర్పేవు. లేచిపోయేను. తాతయ్య కాళ్ళు పట్టుకున్నాను, నువ్వు వాయించు తాతయ్యా అని. పద్దెనిమిదేళ్ళయిందిరా అన్నాడు. అయినా కూర్చున్నాడు."

సలోమి చూపు దానంగారి చేతుల మీద పడింది. దుప్పటి మీద ఆ వేళ్ళు వాచి, నూనెతో మెరుస్తూ ఉన్నాయి. పొద్దుట్నుంచి చూస్తున్న వేళ్ళే. మనుషుల కోసం కాచుకున్న వేళ్ళు. పెద్దల ముందు నిలబడి, మందగించాయి అని తను దింపేసిన వేళ్ళు.

దానంగారు దిండు మీద తల కొంచెం ఎత్తారు. నిన్నటి నుంచీ అడగాలనుకుని అడగలేకపోయినట్టుగా, మొహమాటంగా అడిగారు.

"బాగా ఈడ్చేసేనా అమ్మాయ్?"

ఆయన ఎత్తిపొడవలేదు. నిజంగానే అడుగుతున్నారు. ఎత్తిపొడిచినా బాగుండేది. సలోమి పమిట నోట్లో కుక్కుకుంది.

చేతిలో ఫోను మోగింది. హైదరాబాద్ నంబరు. మెసేజీతో సరిపెట్టుకోకుండా ఆవిడే స్వయంగా మాట్లాడాలనుకున్నట్టుంది.

"ఎత్తమ్మా," అంది సుస్మిత. "సోమవారం ఎవర్ని తీసుకొస్తున్నావో చెప్పు. నన్నా, తాతయ్యనా?"

ఫోను మోగుతూనే ఉంది. సలోమి పచ్చ గుర్తు మీద వేలు పెట్టి, నొక్కకుండా, తండ్రి మొహంలోకి చూసింది. ఆయన ఇంకా జవాబు కోసమే చూస్తున్నారు.